ఎక్స్‌లింక్ ఎవరి తాలూకు?

ఇలియాస్‌కు ఆ ఫైలు కొరకరాని కొయ్య అయింది.

పెడన అద్దకాలకు బొమ్మలు గీసిన ఖాసిం తాత పోయాక మిగిలిన చివరి బొమ్మ అది. కాగితం మీద లేదు, కంప్యూటర్లోనే ఉంది. దాన్ని చూసి టేకు అచ్చు చెక్కడానికి వీరాచారి ఉలి పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఫైలు తెరిచినప్పుడల్లా కంప్యూటర్ అడ్డం తిరుగుతోంది. ఎక్స్‌లింక్ అనే పేరు ఎవరిదో తనకు తెలియదంటుంది, బొమ్మ చూపించదు.

ఆ ఫైలు లోపలంతా ఏది ఎక్కడ గీయాలో చెప్పే మాటల వరసలే. ఇలియాస్ దానికి నకలు తీసి, అందులో ఎక్స్‌లింక్ పేరున్న వరసలన్నీ ఏరి పారేశాడు. ఈసారి కంప్యూటర్ కిక్కురుమనలేదు.

"దెబ్బకు దారికొచ్చింది ఉస్తాద్! ఒక్క తప్పూ లేదు," అన్నాడు గర్వంగా.

దర్గా వెనక గదిలో కంప్యూటర్ పని నేర్పే మస్తాన్ సాహెబ్ తెర వైపు చూశాడు. తీగ ఉంది.

"పూలేవి?"

"పాపం, ఓపిక లేక తాత తీగతోనే ఆపేసి ఉంటాడు."

సాహెబ్ వీరాచారిని కాసేపు ఆగమని చెప్పి, భోజనాల వేళైందని లేచాడు.

ఆ దర్గాలో భోజనానికి కొత్తవాళ్లొస్తే, ఎవరి తాలూకో తెలిసినవాళ్లు గడప దగ్గర ఒక్కసారి చెప్పాలి. ఆ తర్వాత లోపల ఎవరూ అడగరు. ఆ పూట గడప దగ్గర నిలబడే వంతు ఇలియాస్‌ది. ఒక ముసలాయన వచ్చాడు. ఎవరి తాలూకంటే నోరు విప్పడు.

ఎటూ తేల్చుకోలేక ఇలియాస్ గురువును అడిగాడు.

"పంపించెయ్. గొడవ వదిలిపోతుంది," అన్నాడు సాహెబ్.

"అదేంటి ఉస్తాద్! గొడవ పోతుందేమో గానీ, ఆయన ఆకలి పోతుందా?"

సాహెబ్ లేచి వచ్చి ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఈయన మా తాలూకు," అన్నాడు లోపలికి వినబడేలా. పంక్తిలో చోటు దొరికింది. ముసలాయన పప్పు మళ్లీ అడిగి వేయించుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

"ఇలియాస్, పొద్దున ఆ ఫైల్లోంచి నువ్వెంతమందిని పంపించేశావు?" అన్నాడు సాహెబ్.

ఇలియాస్ గడప పని పక్కవాడికి అప్పగించి గదిలోకి పరుగెత్తాడు. అసలు ఫైలు ఇంకా చెరపలేదు, అదే అదృష్టం. అందులోంచి ఏదీ తీయకుండా, ఎక్స్‌లింక్ ఎవరి తాలూకో చెప్పే ఒక్క వరస ఫైలు మొదట్లో చేర్చాడు.

తీగ పొడవునా పూలు. తాత గీసింది ఒక్క పువ్వే. దాన్నే అన్నిచోట్లకీ రమ్మని పిలిచాడు. ఆ పిలుపులన్నీ ఎక్స్‌లింక్ పేరుతోనే ఉన్నాయి.

వీరాచారి తెర మీదికి వంగాడు. "ఇందాక లేవే! ఏం చేశావయ్యా?"

"గడప దగ్గర ఒక మాట చెప్పాను, బాబాయ్."