కాలి బొటనవేలు

తన దగ్గరున్న షెడ్డు రెండో తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోదామని వచ్చాడు గిరిధర్. ఇచ్చేశాక మళ్లీ ఆ షెడ్డు వైపు కన్నెత్తి కూడా చూడకూడదని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాడు. అప్పుడే తెల్లవారుతోంది. అయినా గాలి వేడిగానే ఉంది. మార్కాపురంలో మే నెల అంటే అంతే, రాత్రి కూడా చల్లబడదు.

ఊరి చివర మూతబడ్డ పలకల ఫ్యాక్టరీ షెడ్డు అది. ఒకప్పుడు అందులో బడిపిల్లల పలకలు కోసేవాళ్లు. ఫ్యాక్టరీ పోయాక కార్మికుల సంఘం వాళ్లు దాన్ని కడిగించి, సున్నం వేయించి, యోగా నేర్పమని తిరుపాలమ్మ టీచరుకి అప్పగించారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. రాతిదుమ్ము పీల్చి పీల్చి రొమ్ము పట్టేసిన పాత పనివాళ్లు చాలామంది ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు. ఫీజు లేదు. ఎవరి చాప వాళ్లు తెచ్చుకోవాలి, అంతే.

గిరిధర్ ఆవిడ శిష్యుల్లో మొదటివాడు. రిషికేశ్ వెళ్లి కొన్నాళ్లు నేర్చుకుని కూడా వచ్చాడు. వచ్చినప్పటి నుంచి మాట కాస్త నెమ్మదించింది, నడక కాస్త పెద్దరికంగా మారింది. వేసవి మొదట్లో టీచరుకి కంటి ఆపరేషన్ అయితే బ్యాచ్ మొత్తం అతని చేతికొచ్చింది.

చేతికొచ్చిన రోజే ఒక అలవాటు మాన్పించాడు. చివర్లో అందరూ శవాసనంలో కళ్లు మూసుకుని పడుకున్నాక, టీచరు చాపల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి కాలి బొటనవేలు తట్టేది. తట్టగానే వాళ్లు ఆ వేలు ఆడించాలి. గిరిధర్‌కి అది ఎప్పుడూ నచ్చలేదు. బడిలో హాజరు పిలిచిన బుద్ధి ఈవిడకింకా పోలేదని నవ్వుకునేవాడు. శవాసనమంటే శవంలా పడి ఉండాలి గానీ మధ్యలో ఈ వేళ్లాడించడం ఏమిటి?

"ఎవ్వరూ కదలొద్దు. మీకు ఒళ్లున్న సంగతే మర్చిపోండి," అని చెప్పాడు అందరికీ. చప్పుడవుతోందని ఆ కాసేపూ ఫ్యాన్లు కూడా ఆపించాడు. తను ముందు అరుగు మీద పద్మాసనం వేసుకుని కళ్లు మూసుకునేవాడు. రేకుల కింద చెమటలు కారిపోతున్నా ఎవరూ కిక్కురుమనేవాళ్లు కాదు. ఆ నిశ్శబ్దానికి అతనికి లోపల్లోపల పొంగిపోయినట్టుండేది.

అందరిలోకీ కేశవులంటే అతనికి మరీ గర్వం. పలకలు కోసి కోసి ముసలివాడైన మనిషి. మొదట్లో వెల్లకిలా పడుకుంటే చాలు, దగ్గు తెర వచ్చేది. గిరిధర్ మందలించగా మందలించగా ఆ దగ్గును గొంతులోనే అణుచుకోవడం నేర్చుకున్నాడు.

ఒకరోజు అందరూ లేచి కూర్చున్నా కేశవులు లేవలేదు. పెదవి మీద ఒక ఈగ వాలింది. లేచి, మూతి చుట్టూ తిరిగి, మళ్లీ అక్కడే వాలింది. ఆయన కదల్లేదు.

"చూడండి," అన్నాడు గిరిధర్ గొంతు తగ్గించి. "ఈగ వాలినా చలనం లేదు. శవాసనమంటే అదీ. ఎవరూ లేపకండి."

అందరూ చాపలు చుట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా బయటికి నడిచారు. ఒకావిడ వెళ్తూ వెళ్తూ కేశవులికి దండం కూడా పెట్టుకుంది. గిరిధర్ ఆయన పక్కనే కూర్చుని ధ్యానంలోకి వెళ్లాడు. ఆ రోజు ధ్యానం ఎప్పుడూ లేనంత బాగా కుదిరింది.

కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చాక, మొగుడింకా ఇంటికి రాలేదని మస్తానమ్మ వెతుక్కుంటూ వచ్చింది. దగ్గరికి వచ్చి ఆయన మొహంలోకి చూసింది.

"నిద్రలో కూడా ఈగను తోలుకునే మనిషయ్యా ఆయన," అంది.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. ఎప్పుడు ఆగిందో చెప్పలేనన్నాడు. ఊళ్లోవాళ్లకు మాత్రం ఏ అనుమానమూ లేదు. పుణ్యాత్ముడు, యోగిలా పోయాడన్నారు. మీ దగ్గర నేర్చుకోబట్టే అంత సునాయాసంగా వెళ్లిపోయాడని గిరిధర్‌ని మెచ్చుకున్నారు. తిట్టి ఉంటే పడేవాడు. ఆ మెచ్చుకోలు భరించలేకపోయాడు. పెద్దకర్మ అయ్యేదాకా ఇల్లు కదల్లేదు. కంచం ముందు కూర్చుంటే ఆ ఈగే కనిపించేది.

ఇప్పుడు షెడ్డు తలుపు దగ్గర టీచరు నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. గిరిధర్ రాకపోవడంతో ఆవిడే కుర్చీలోంచి క్లాసు చెబుతోంది. లోపల అందరూ శవాసనంలో ఉన్నారు. పైన ఫ్యాన్లు గరగరమంటూ తిరుగుతున్నాయి.

గిరిధర్ తాళంచెవి చాపాడు. ఆవిడ అందుకోలేదు.

"టీచర్, ఆ రోజు నేను ఆయన వేలు తట్టుంటే బతికేవాడా?"

"ఏమో నాయనా. నాకు తెలీదు."

కాదని ఓదారుస్తుందేమోనని ఎదురుచూశాడు. అవును, నువ్వే చంపావని మొహం మీద అన్నా బాగుండేదనిపించింది.

"అట్టా నిలబడ్డావేంది? వాళ్లు పడుకొని ఉన్నారు. పొయ్యి వేళ్లు తట్టు."

"నా వల్ల కాదు టీచర్. ఇంక నేను ఎవర్నీ ముట్టుకోలేను."

ఆవిడ బలవంతపెట్టలేదు. గోడ పట్టుకుని మెల్లగా లేచింది. మొదటి చాప దగ్గరికి వెళ్లి, ఒక చేత్తో నల్లద్దాలు జారకుండా పట్టుకుని వంగబోయింది. కోసిన కన్ను ఇంకా మానలేదు, వంగితే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పిన సంగతి గిరిధర్‌కి తెలుసు. ఆసుపత్రి నుంచి ఆవిణ్ణి ఇంటికి తీసుకొచ్చింది అతనే. తాళంచెవి జేబులో పడేసి ఒక్క అంగలో వెళ్లి ఆవిడ భుజాలు పట్టుకుని ఆపాడు. తనే వంగి ఆ వేలు తట్టాడు.

వేలు కదిలింది.

టీచరు వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చుంది. గిరిధర్ రెండో చాప దగ్గరికి వెళ్లాడు. తర్వాత మూడోది. పగుళ్లిచ్చిన మడమలు, రాయి పడి నల్లబడ్డ గోరు, పసుపు రాసుకున్న పాదాలు. ఇన్ని రోజులుగా ఈ మనుషులకి ఆసనాలు నేర్పుతూ వీళ్ల కాళ్లు ఎప్పుడూ చూడలేదు. తట్టిన ప్రతి వేలూ కదిలింది. కదిలినప్పుడల్లా అతనికి ఊపిరి అందేది. తర్వాతి చాప చూడగానే మళ్లీ ఊపిరి బిగబట్టేవాడు.

కిటికీ పక్కన కేశవులు చాప పరిచి ఉంది. అంచు కాలి, పచ్చ గుడ్డతో మాసిక వేసిన చాప. దాని మీద మస్తానమ్మ పడుకుని ఉంది. ఆవిడ ఎన్నడూ యోగాకి వచ్చిన మనిషి కాదు.

గిరిధర్ అక్కడే ఆగాడు. టీచరు వైపు చూశాడు. ఆవిడ నల్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు.

మస్తానమ్మ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మెట్టెలు తీసేసిన చోట వేలి చుట్టూ తెల్లటి గుర్తు ఉంది. ఆ పక్కన బొటనవేలు తట్టాడు.

కదల్లేదు.

కొత్త మనిషి కదా, ఈ పద్ధతి తెలీదేమో అనుకున్నాడు. ఆ రోజూ ఇలాగే ఏదో సర్దిచెప్పుకున్నానని గుర్తొచ్చింది. మళ్లీ తట్టాడు. కదల్లేదు. రెండు చేతులతో ఆ పాదం పట్టుకున్నాడు.

"అవ్వా," అన్నాడు. "మస్తానవ్వా..."

ఆ గొంతుకి చుట్టుపక్కల చాపల మీద తలలు లేచాయి. ఎంత నిశ్శబ్దం పాడైందో అతనికి పట్టలేదు. ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచాడు.

మస్తానమ్మ కళ్లు తెరవలేదు. అతని చేతుల్లో బొటనవేలు చిన్నగా ఆడింది.

"ఉన్నాలే నాయనా," అంది. "ఆ పక్కనోళ్లని చూడు."

గిరిధర్ కళ్లు తుడుచుకుని పక్క చాప దగ్గరికి జరిగాడు.