చిలుకకు హాని చేయరాదన్న చట్టం

చాలా చాలా కాలం కిందట, సముద్రం ఒడ్డున ఉన్న ఒక రాజ్యాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఆ రాజ్యంలో ఒక వింత ఉంది. రాజు ఎలా ఏలాలో, సభ ఏం చేయాలో చెప్పే పుస్తకం ఏదీ అక్కడ లేదు. ఊరికి ఒకరు చొప్పున వచ్చి సభలో కూర్చునేవారు. వాళ్ళు ఏది చట్టమంటే అదే చట్టం. రాజు కూడా సభ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "లోపలికి రావచ్చా?" అని అడిగేవాడు. అలా అడగాలని ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ళ తాత అడిగాడు, నాన్న అడిగాడు, ఈయనా అడిగేవాడు.

ఒకరోజు సభకు జటాలుడనే మాంత్రికుడు వచ్చాడు. బుట్టల నిండా మామిడిపళ్ళు తెచ్చి అందరికీ పంచాడు.

"అయ్యా, పాపం చిలుకలను చూస్తే నాకు జాలి. చిలుకకు హాని చేసినవాడి తల తీయాలని చట్టం చేయండి. ఏ సభా దీన్ని ఎప్పటికీ మార్చకూడదని కూడా చేర్చండి" అన్నాడు.

"పోనీలే, మంచి మాటే కదా" అని సభవారు పళ్ళు తింటూనే సరేనన్నారు.

మర్నాటి నుంచి జటాలుడికి పట్టపగ్గాలు లేవు. పశువులను తోలుకుపోయాడు. పడవలు ముంచాడు. పెద్ద రాకుమారుడు కత్తి తీసుకుని వాడి మీదికి వెళ్ళాడు, వాడి మంత్రానికి రాయి అయిపోయాడు. రెండో రాకుమారుడు సైన్యంతో వెళ్ళాడు, అతనూ రాయి అయిపోయాడు. నొప్పేమీ లేదు పిల్లలూ, నిద్రపోయినట్టే ఉంటుంది. కానీ వాళ్ళమ్మకు ఆ సంగతి తెలియదు కదా! రాళ్ళకు ఎండ తగలకుండా రోజంతా గొడుగు పట్టుకుని నిలబడేది.

మూడోవాడు వసంతసేనుడు. "ఇంత చెడ్డవాడికి చిలుకల మీద అంత జాలి ఎందుకు?" అని ఆలోచించాడు. ఒడ్డున ఉన్న ముసలి తాబేలును అడిగాడు.

"తెలియదా నాయనా? ఏడు సముద్రాల అవతల పంజరంలో ఒక చిలుక ఉంది. వాడి ప్రాణం దాన్లో దాచాడు. రా, నా వీపెక్కు."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. చిలుక ఉన్న పంజరం తీసుకుని తిరుగుదారి పట్టారు.

"మెడ తిప్పెయ్ నాయనా. మీ అన్నలు ఇప్పుడే లేస్తారు" అంది తాబేలు.

"చట్టం ఉంది తాతా. సభను అడగాలి."

పక్కనే ఈదుతున్న పెద్ద చేప తల పైకెత్తింది. "నడిసముద్రంలో చూసేదెవరు? నేనైతే ఎవరికీ చెప్పను."

వసంతసేనుడికి అమ్మ గొడుగు గుర్తొచ్చింది. చెయ్యి పంజరం తలుపు దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "సభను అడగాలి."

పైన ఎగిరే కొంగ నవ్వింది. "రాజు కొడుకువి! నీ తల ఎవడు తీస్తాడోయ్?"

"నాకొక చట్టం, జాలరి కొడుక్కి ఇంకో చట్టమైతే, జటాలుడికీ నాకూ తేడా ఏముంది? సభను అడగాలి."

సభకు వెళ్ళేసరికి జటాలుడు అక్కడే ఉన్నాడు. వసంతసేనుడు చిలుక గుట్టు చెప్పి, ఏం చేయాలని సభను అడిగాడు. "చిలుకకు హాని చేయకూడదు. ఆ చట్టం మార్చకూడదు. మీరు చేసిందే!" అని జటాలుడు మీసం దువ్వాడు.

సభలో పెద్దవాడు సోమయ్య తల దించుకున్నాడు. "నిజమే. చేతులారా కట్టేసుకున్నాం."

గవ్వలపాలెం తరఫున కొత్తగా వచ్చిన నీలవేణి లేచింది. "తాతా, ఆ చట్టం చేసిందెవరు?"

"సభే."

"ఇవాళ కూర్చున్నది?"

"సభే."

"మరి నిన్నటి సభ కంటే ఇవాళ్టి సభ ఎందులో తక్కువ? మీ ముందువాళ్ళు కూడా ఇలాగే కట్టేసి ఉంటే మీరు ఆ చట్టం చేయగలిగేవారా?"

"సభ తన మాట మార్చుకోవచ్చని ఎక్కడ రాసుంది?" అని జటాలుడు అరిచాడు.

"రేపటి సభ చేతులు కట్టేయవచ్చనీ ఎక్కడా రాసి లేదు" అంది నీలవేణి. " మా వాళ్ళు తప్పు తెలిస్తే దిద్దుకుంటూ వచ్చారు. మేమూ దిద్దుకుంటాం."

సభ ఆ చట్టాన్ని రద్దు చేసింది. జటాలుడు పంజరానికి అడ్డంగా నిలబడ్డాడు. "అయ్యో, విచారణ లేకుండా చంపేస్తారా?"

"ఎవరినీ అలా చంపం" అన్నాడు సోమయ్య. మూడు రోజులు విచారించారు. పశువులు పోయినవాళ్ళు చెప్పారు, పడవలు మునిగినవాళ్ళు చెప్పారు, జటాలుడు చెప్పేదీ విన్నారు. ఆఖరికి, "రాకుమారులను లేపి, తీసుకున్నవన్నీ తిరిగిచ్చేస్తే నీ ప్రాణం మాకక్కర్లేదు" అన్నారు. జటాలుడు గబగబా మంత్రం చదివాడు. రాళ్ళు కదిలాయి. "ఏంటమ్మా, మాకు గొడుగెందుకు?" అన్నాడు పెద్దవాడు కళ్ళు నులుముకుంటూ. వాళ్ళమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఇక చిలుక సంగతి" అంది నీలవేణి. "అదేం తప్పూ చేయలేదు. పంజరం తెరవండి."

"వద్దు తల్లీ!" జటాలుడు కాళ్ళమీద పడ్డాడు. "బయట డేగలున్నాయి, పిల్లులున్నాయి! లోపలే ఉంచండి!"

"తప్పు చేయని ప్రాణిని బంధించే చట్టం మా దగ్గర లేదు."

వసంతసేనుడు తలుపు తీశాడు. చిలుక రివ్వున ఎగిరిపోయింది. "అటు కాదే! ఆ కొమ్మ మీద వద్దే!" అంటూ జటాలుడు దాని వెనకే పరుగెత్తాడు. ఆ రోజు నుంచి మంత్రాలు వేయడానికి అతనికి తీరికే దొరకలేదు.

రాజు ముసలివాడయ్యాక, తర్వాత రాజు ఎవరో సభ నిర్ణయించింది. "నాకు కత్తి దుయ్యడం తప్ప ఏమీ తోచదు, తమ్ముడే సరి" అన్నాడు పెద్దన్న. రెండోవాడూ తలూపాడు. వసంతసేనుడు రాజై నీలవేణిని పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళయినా ఆమె సభ మానలేదు. రాజు తప్పుచేస్తే నిలదీసేది, ఇంటికొచ్చి అన్నం వడ్డించేది. అలా నిలదీయించుకుంటూనే అతను చాలా ఏళ్ళు హాయిగా ఏలాడు.