ఎవరూ కాదనని చాటింపు

రాజుగారి కొలువులో మంత్రి పదవికి సేనాపతి, ఆస్థాన పండితుడు, చెరువుల అధికారి ముగ్గురూ పోటీపడ్డారు. ముగ్గురి ఘనతలూ నెల్లాళ్లు ఊరంతా చాటించి, ఆపైన ఒకర్ని ఎంచుతానన్నాడు రాజు. ఆ భారమంతా వచ్చి దండోరా వేసే ఓబులేసు గొంతు మీద పడింది.

ఇరవయ్యో రోజుకి గొంతు బొంగురుపోయింది, డప్పు మోసిన భుజం వాచింది. ఆ అలసటలో ఒకరి ఘనతలు ఇంకొకరి పేరు మీద చాటేశాడు. సరిదిద్దే ఓపిక లేక మర్నాడూ అలాగే కానిచ్చాడు.

ఎవరో రాజుకి చేరవేశారు. భటులు ఓబులేసుని కొలువుకి ఈడ్చుకొచ్చారు.

"తప్పుడు చాటింపు వేస్తావురా? తల తీయిస్తాను!"

"చిత్తం దేవరా," అన్నాడు ఓబులేసు నీరసంగా. "సేనాపతిగారు తవ్వని చెరువు తవ్వారని చాటాను. విని మీసం దువ్వుకున్నారు. పండితులవారు చెయ్యని యుద్ధం గెలిచారన్నాను. నాకు తాంబూలం పంపారు. చెరువుల అధికారి సోమనాథయ్యగారు మాత్రం ఎండలో నడిచొచ్చి, 'నాకు శాస్త్రాలెక్కడివిరా, ఆ మాట తీసెయ్' అని కసిరారు. తలతో పాటు ఆ మాట కూడా పోకూడదని చెబుతున్నా."

రాజు అక్కడికక్కడే సోమనాథయ్యనే మంత్రిని చేశాడు.

"బతికిపోయావు, వెళ్లు. రేపట్నుంచి ఎప్పటిలా మా బిరుదులు చాటు."

ఓబులేసు మూలుగుతూ డప్పు భుజానికెత్తుకున్నాడు.

"అలాగే దేవరా. కాకపోతే అవి తమ తాతగారి బిరుదులు. మా తాత నేర్పినవి. ఇరవై ఏళ్లుగా తమరి పేరున చాటుతున్నా, తమరూ ఒక్కనాడు కాదనలేదు."