మూడో పాయ

హైమ ఆ రోజు కనకరత్నం గారి దగ్గరికి ఫిర్యాదు పట్టుకుని వచ్చింది. వారం తిరిగితే నాటకం. తనతోపాటు ఆడాల్సిన రిబ్కా రావడం మానేసింది. ఎందుకో చెప్పదు, ఫోన్ చేస్తే ఎత్తదు. ఆమె బదులు కొత్తగా చేరినవాళ్ళలోంచి ఎవరినైనా తీసుకుంటామని అడగడానికి వచ్చింది.

కనకరత్నం గారు నాటకశాల వరండాలో కూర్చుని చిరిగిన తెర కుట్టుకుంటున్నారు. ఆవిడ ఒకప్పుడు ఊరూరా పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషి. వయసు మళ్ళాక బాపట్లలో ఈ చిన్న నాటకశాల పెట్టి పిల్లలకి నేర్పుతున్నారు. పిల్లలు ఆవిణ్ణి అమ్మగారు అంటారు. ఆవిడ ఎవరినీ తిట్టరు, ఎవరినీ పొగడరు. అందుకే పిల్లలకి ఆవిడంటే హడలు.

ఈసారి నాటకానికి రాసిన పుస్తకమేమీ లేదు. ఆరుగురు పిల్లలు కూర్చుని, తలా ఒక ముక్క తెచ్చి, వాటిని అతికి తామే నాటకం కట్టుకోవాలి. విషయం మనసుకొచ్చే జబ్బు. టౌన్ హాల్లో ఆడాలి. చూడటానికి డాక్టర్లు వస్తారు, ఆ జబ్బుతో అవస్థపడేవాళ్ళు వస్తారు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు వస్తారు. అమ్మగారు పెట్టిన షరతు ఒక్కటే. ఆరుగురూ కలిసి కట్టిన నాటకం ఆరుగురూ కలిసే ఆడాలి. ఒకరు తప్పుకుంటే నాటకమే లేదు.

జబ్బుపడిన అమ్మాయి వేషం హైమదే. అందులో వింతేమీ లేదు. హైమ గట్టి నటి. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు హైమకే తెలుసు.

రిబ్కా వెళ్ళిపోయిన రోజున హైమ తన ముక్క చేసి చూపించింది. జుట్టు విరబోసుకుంది. గుడ్లు తిప్పింది. పకపకా నవ్వి, అంతలోనే వెక్కివెక్కి ఏడ్చి, నేలమీద పడి దొర్లింది. చూస్తున్నవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ నాటకశాలలో ఒక అలవాటుంది. పద్యనాటకాల రోజులనుంచి వస్తున్నదే. ఎవరైనా బాగా చేస్తే మిగిలినవాళ్ళు 'వన్స్ మోర్' అని కేకేస్తారు. చేసినవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. వెనకటికి యుద్ధంలో చచ్చిపడ్డ రాజు కూడా వన్స్ మోర్ వినబడగానే లేచి, పద్యం ఇంకోసారి ఎత్తుకుని, బుద్ధిగా మళ్ళీ చచ్చిపోయేవాడు. ఆ రోజు కూడా అందరూ వన్స్ మోర్ అన్నారు. హైమ లేచి, చున్నీ దులుపుకుని, మళ్ళీ నవ్వి, మళ్ళీ ఏడ్చి, మళ్ళీ దొర్లింది. ఇంకోసారి వన్స్ మోర్ అన్నారు. ఆ కేకల మధ్యనే రిబ్కా తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

రిబ్కా ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. అందరూ తమ ముక్కలు చూపించినా తను ఇంకా చూపించలేదు. అడిగితే రేపు అనేది. హైమకి మాత్రం సంగతి తేటతెల్లంగానే ఉంది. తనని అంతగా మెచ్చుకుంటుంటే ఆ పిల్ల ఓర్చుకోలేకపోయింది.

ఇదంతా విని అమ్మగారు దారం పంటితో తెంపారు.

"మీ నాటకంలో ఆ అమ్మాయి పేరేమిటి?"

హైమ తడబడింది. "పేరు పెట్టలేదండీ. పిచ్చమ్మాయి అనుకుంటున్నాం."

అమ్మగారు లోపలినుంచి మేకప్ పెట్టె తెమ్మన్నారు. అందులో వెతికి ఒక దువ్వెన, ఒక నల్ల రిబ్బను తీశారు.

"ఆ అమ్మాయి పొద్దున్నే లేచి జడ వేసుకుంటుంది. చేసి చూపించు."

పిచ్చిదానికి జడేమిటని హైమకి అనిపించింది. అయినా అమ్మగారు అడిగారు కదా అని కూర్చుంది. గుడ్లు తిప్పుతూ, తనలో తను నవ్వుకుంటూ, చకచకా జడ అల్లేసి రిబ్బను ముడేసింది. అమ్మగారు లేచి వచ్చి, ఆ ముడి విప్పి, జడ మెల్లగా చిక్కు తీసి విడదీశారు. మళ్ళీ చెయ్యమన్నారు. ఈసారి హైమ ఏడుస్తూ, జుట్టు పీక్కుంటూ అల్లింది. అమ్మగారు అదీ విప్పేశారు. హైమ మూగదానిలా అల్లింది. వణుకుతూ అల్లింది. తనకి తెలిసిన విద్యంతా చూపించింది. అల్లినవన్నీ అమ్మగారు ఓపిగ్గా విప్పేస్తూ వచ్చారు. హైమకి మాడు మండుతోంది, ఉక్రోషంతో కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"జడ వేసుకోవడంలో ఏముందండీ అమ్మగారూ? ఎవరైనా వేసుకుంటారు."

"ఎవరైనానా?" అని, దువ్వెనా రిబ్బనూ ఆమె చేతిలో పెట్టి, అమ్మగారు మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకోవడంలో పడ్డారు. "రిబ్కాని అడిగి రా."

పోట్లాడదామనే హైమ బయల్దేరింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. చర్చి వెనక సందులో రిబ్కా వాళ్ళిల్లు. అరుగుమీద కూర్చుని రిబ్కా చింతపండు గింజలు తీస్తోంది. హైమని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. అలా చోటిచ్చేసరికి హైమ కూర్చుకొచ్చిన మాటలు సగం పోయాయి. మిగిలిన సగం మింగేసి, అమ్మగారు పంపారని చెప్పి, దువ్వెన చూపించింది. జడ వేసుకోవడం గురించి నిన్ను అడగమన్నారు అంది.

రిబ్కా చేతులు తుడుచుకుని దువ్వెన తీసుకుంది. తర్వాత, ఇంటర్ చదివేటప్పుడు తనకి మనసుకొచ్చే ఆ జబ్బే చేసిందని చెప్పింది. ఏడాదికి పైగా మందులు వాడారట. కాలేజీ మానేసి, తర్వాత మళ్ళీ చేరిందట. నాటకశాలలో చేరేటప్పుడు వాళ్ళమ్మ ఈ సంగతి అమ్మగారికి ఒక్కరికే చెప్పిందట.

"నేను అరవలేదు హైమా. నవ్వలేదు. పొద్దున్నే కాలేజీకని తల దువ్వుకుని కూర్చునేదాన్ని. మూడు పాయలు తీసేదాన్ని. రెండు చేతిలో ఉండేవి. మూడోది ఎక్కడుందో తెలుసు. చెయ్యి లేచేది కాదు."

అప్పుడేం చేసేదానివని హైమ అడిగింది.

"ఏం చేస్తాను? అలాగే ఉండేదాన్ని. అమ్మ రిబ్బను పట్టుకుని పక్కన కూర్చునేది. ఇటు తే నేనేస్తా అనేది కాదు. తొందరగా కానియ్యి అనేది కాదు. ఒక్కోరోజు కాలేజీ బస్సు వచ్చి వెళ్ళిపోయేది. అమ్మ మాత్రం లేచేది కాదు."

గుమ్మం లోపల వాళ్ళమ్మ ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది. హైమ అటు చూడలేక తల దించుకుంది. నేలమీద దొర్లుతున్న తనూ, చుట్టూ కేకలూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. నా మీద కోపంతోనే వెళ్ళిపోయావా అని అడిగింది.

"కోపం కాదే, భయమేసింది. మీరంతా వన్స్ మోర్ అంటుంటే, ఆ జబ్బుని మళ్ళీ రమ్మని పిలుస్తున్నట్టనిపించింది."

హైమ ఏడ్చింది. ఈసారి నటన ఏమీ లేదు, ముక్కు కూడా కారింది. ఆ వేషం నువ్వే వెయ్యి, అది నీది అని బతిమాలింది. రిబ్కా తల అడ్డంగా ఊపింది.

"నేను ఒకసారి వేశాను, చాలు. నేను రిబ్బను పట్టుకుని కూర్చుంటాను. నేను తెచ్చిన ముక్క అదే."

మర్నాడు ఆరుగురూ కూర్చుని నాటకం విప్పి మళ్ళీ కట్టారు. దొర్లడాలూ నవ్వడాలూ పోయాయి. అమ్మాయికి సులోచన అని పేరు పెట్టారు. హైమకి ఉన్న డైలాగులన్నీ పోయాయి. అది ఒకప్పటి హైమ అయితే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ఆమె బెంగ వేరే. చివరికి సులోచన జడ పూర్తి చెయ్యాలా, వద్దా? పూర్తి చేస్తే అబద్ధంలా ఉంది. చెయ్యకపోతే, చూడటానికొచ్చే ఇళ్ళవాళ్ళు ఏం మొహం పెట్టుకుని వెళ్తారు? అమ్మగారిని అడిగింది.

"నన్నడుగుతావేమిటి? జడ నీది," అన్నారు ఆవిడ.

నాటకం రోజున టౌన్ హాలు నిండింది. తెర లేచేసరికి హైమ స్టూలుమీద, తల శుభ్రంగా దువ్వుకుని కూర్చుని ఉంది. పక్కన కింద రిబ్కా, అరచేతిలో నల్ల రిబ్బను. మిగిలిన నలుగురూ నాలుగు మూలలనుంచీ కేకలు మొదలుపెట్టారు. ఇంకా కాలేదా అని ఒకరు. అంత బద్ధకమైతే ఎలా అని ఒకరు. బస్సు వచ్చేసిందని ఒకరు. మా ఇంట్లో ఇలాంటివి లేవమ్మా అని ఒకరు.

హైమ మూడు పాయలు తీసింది. రెండు చేతుల్లోకి వచ్చాయి. అక్కడ ఆగింది.

రిహార్సల్లో ఆమె ఇక్కడ మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, అవగానే చెయ్యి ఎత్తేది. ఈ రోజు లెక్క మర్చిపోయింది. ముందు వరసలో ఒక నడివయసు ఆయన తన పక్కనున్న కుర్రాడి చెయ్యి పట్టుకుని ఉండటం కనిపించింది. మూడో పాయ ఎక్కడుందో హైమకి తెలుసు. భుజం వెనకే ఉంది. చెయ్యి లేవలేదు. నటిస్తున్నందుకు లేవలేదో, నిజంగానే లేవలేదో ఆమెకే తెలియలేదు, భయం వేసింది.

ఓరకంట రిబ్కా అరచెయ్యి కనబడుతూనే ఉంది. అందులో రిబ్బను అలాగే ఉంది. ఆ చెయ్యి ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

మూలల్లోంచి కేకలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కేకలేసినవాళ్ళు మెల్లగా వచ్చి రిబ్కా పక్కన కూర్చున్నారు. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. చాలాసేపటికి హైమ చెయ్యి లేచింది. మూడో పాయ అందుకుని, ముందుకు తెచ్చి, ఒక్క మెలిక వేసింది. అంతే. తెర పడింది.

చప్పట్లు లేవు. తెర వెనక హైమ చెవులు రిక్కించింది. వన్స్ మోర్ సంగతి అటుంచి, కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు. నాటకం పోయిందనుకుంది. రిబ్కా లేచి, ఆమె వెనక నిలబడి, ఉన్న ఆ ఒక్క మెలికకే రిబ్బను ముడేసింది. అది అయ్యాక ఎక్కడో వెనక వరసలో ఒకరి చప్పట్లు మొదలై, ఆగి, మళ్ళీ మొదలై, అప్పుడు హాలంతా అందుకుంది.

జనం వెళ్ళిపోయాక అమ్మగారు తెర మడత పెడుతుంటే హైమ వెళ్ళి రెండో కొస పట్టుకుంది. తలలో ఆ పొట్టి ముడి అలాగే ఉంది.

"చప్పట్లు అంత ఆలస్యంగా వచ్చాయేమిటండీ అమ్మగారూ? నేను బాగా చెయ్యలేదా?"

అమ్మగారు తెర కొసలు కలిపి, మడత మీద చేత్తో రాసి చదును చేశారు.

"వాళ్ళకీ చెయ్యి లేవలేదమ్మా," అన్నారు.