ఎర్రన్న కన్ను, అల్లుడి తప్పెట

"అమ్మా, చుక్కల మందుతో కంట్లో ఒత్తిడి దిగింది. అయినా ఎర్రన్న చూపు పక్కల్నించి మూసుకొస్తోంది. నా వైద్యంలో తప్పేటి?" అని గౌరీశం అడిగాడు.

అడిగింది ఎవర్ననుకున్నారు? సీతారత్నం డాక్టరమ్మని! ఆవిడ కంట్లోకి తొంగిచూస్తే లోపలి నరం లేచి దండం పెడతాదని బొబ్బిలి దాకా చెప్పుకుంటారు. గౌరీశం ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు. నీటికాసులు, అదే గ్లాకోమా, తనకి లొంగలేదని వాడికి కడుపుమంట.

ఎర్రన్న మాత్రం తక్కువోడా? గుండెల మీద తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. ఆయన తప్పెట మోగితే కొండ మీది పులులు పిల్లల్నెత్తుకుని ఒడిశా పారిపోయేవి. అలాంటోడికి పక్కనోడు కనబడకపోతే ఆటలో గుద్దుకుంటాడు, జట్టు వదులుకోవాలి. అంతకంటే చావు నయమంటాడు.

డాక్టరమ్మ బీపీ చూసింది. ఎర్రన్న మీసం దువ్వాడు. "కుర్రోడి బీపీ కదమ్మా! మా ఊరి డాక్టరు బీపీకని రాత్రికి ఒక మాత్ర మింగమన్నాడు. ఎర్రన్న ఒకటితో ఆగే మనిషా? రెండు మింగుతాను!"

ఆవిడ వాకిట్లోకి చూసింది. "మీవోళ్ళొచ్చారు కదా, ఆటలోలాగ ఒకరి భుజాల మీద ఒకర్ని ఎక్కించు, చూస్తాను" అంది.

ఆస్పత్రి వాకిట్లో జట్టు నిలబడింది. అందరి పైన ఎర్రన్న అల్లుడు, గుండెల మీద తప్పెట. డాక్టరమ్మ ఆ తప్పెట విప్పించి కిందికి దింపించింది. అల్లుడు హాయిగా ఊపిరి తీశాడు. అప్పుడు కిందోళ్ళతో, "మోకాళ్ళు కొంచెం వదలండి బాబూ" అంది.

"మావా! పడిపోతన్నాను!"

"లేవండ్రా ఎదవల్లారా!" ఎర్రన్న గొంతుకి కాకులు లేచిపోయాయి. "పైనోడి బరువు దించితే సరా? మోసేవోళ్ళు గట్టిగా నిలబడొద్దా?"

అనేసి, జేబులో మాత్రల అట్ట తడుముకున్నాడు.

గౌరీశానికి చెవులు వేడెక్కాయి. కంట్లో ఒత్తిడి దింపానని తను ఇన్నాళ్ళూ రొమ్ము విరుచుకున్నాడు. రెండేసి మాత్రలకి నిద్దట్లో బీపీ మరీ పడిపోతే, పైకి రక్తం తోసేదెవరు? ఆ కంటి నరం ఏం తిని బతుకుతాది?

"మీ డాక్టరుకి నేను కబురు చేస్తాను. ఆయన ఎంత చెప్తే అంతే మింగు. మానేయకు, పెంచకు" అని డాక్టరమ్మ ఎర్రన్నతో అంది.

"సరేనమ్మా. ఎర్రన్న మాటిస్తే మాటే. ఈ జిల్లాలో నాలాగ ఒక్క మాత్రతో ఆగేవోడెవడో చూపించు!"

గౌరీశం హుషారుగా ముందుకొచ్చాడు. "అయితే అమ్మా, ఇక చుక్కల మందు ఆపేద్దామా?"

ఆవిడ పైకి చూసింది. అల్లుడింకా అక్కడే ఉన్నాడు, వణుకు తగ్గలేదు.

"అంతేలే. ఆ తప్పెట తీసుకెళ్ళి మళ్ళీ వాడి మెడకి కట్టు, నిలబడతాడేమో చూద్దాం."