సూరన్న కత్తికి ఇత్తడి సీల

అనగనగా ఒక ఊళ్ళో సూరన్న అని ఒక మంగలి ఉండేవాడు. ఊరు చిన్నదే గానీ సూరన్న పేరు పెద్దది. ఆయన గడ్డం గీస్తుంటే మనిషికి హాయిగా నిద్రొచ్చేసేది, నీకిప్పుడు వస్తున్నట్టే. రాలేదా? సరే, విను.

ఆ సూరన్నకి ఒక్కతే కూతురు, పైడమ్మ. నాన్న కత్తి నూరేది, తుడిచేది, పెట్టెలో సర్దేది ఆ పిల్లే. ఆ కత్తి సూరన్న తాతల నాటిది. దానికి దున్నపోతు కొమ్ముతో చేసిన పిడి. పిడి అంటే రెండు పలకలమ్మా. కత్తి మడిస్తే ఆ రెండింటి మధ్యా దూరి పడుకుంటుంది. పలకల్నీ కత్తినీ కలిపి గుచ్చుతూ ఒక చిన్న సీల. ఆ సీల మీదే కత్తి తిరుగుతుంది.

ఒకరోజు పైడమ్మ కత్తి తుడుస్తుంటే చెయ్యి జారింది. కత్తి అరుగు మీద పడింది. పిడి నిలువునా చీలిపోయింది.

సూరన్న కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే పెద్ద పని చేశాడు. కనపడ్డవాళ్ళకల్లా "మా పిల్ల ఇరగ్గొట్టీసింది" అని చెప్పాడు. ఇంకో ఐదు రోజుల్లో నాయుడిగారి మనవడి పెళ్ళి. మూడు తరాలుగా ఆ ఇంట పెళ్ళికొడుకుల గడ్డం గీసింది ఆ కత్తే. ఇంకో కత్తి పట్టనని సూరన్న భీష్మించుకు కూర్చున్నాడు. "అయితే పొరుగూరి మంగలిని పిలుస్తాం" అని నాయుడిగారు కబురు పెట్టారు. సూరన్న ముఖం మాడిపోయింది. పైడమ్మకేమో నీళ్ళకెళ్తే అదే మాట, కూరకెళ్తే అదే మాట. కత్తి విరగ్గొట్టిన పిల్ల అన్న పేరు స్థిరపడిపోయింది.

అప్పుడు పైడమ్మ "నేను బాగుసేత్తాను నాన్నా" అంది.

"ఇరగ్గొట్టిన సేత్తోనా?" అన్నాడు సూరన్న.

ఆ మాటకి పిల్ల మనసు చివుక్కుమంది. కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

ముందు పాత సీల ఊడదీసింది. అది ఇనుప సీల. తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉంది. చీలిక సరిగ్గా ఆ సీల దగ్గరే మొదలైంది. చీలిక లోపలంతా తుప్పు మరక. నిన్న పడి చీలిన దాంట్లోకి అంత తుప్పు ఎక్కడినుంచి వస్తుంది? ఎన్నేళ్ళనుంచో పిడి లోపల్లోపల చీలుతూనే ఉందన్నమాట. ఆ ఇనుప సీల కొట్టింది ఎవరనుకున్నావ్? సూరన్నే. "ఇనుము కొట్టాను, ఇంక నా మనవల దాకా ఢోకా లేదు" అని పదేళ్ళ కిందట ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

పైడమ్మకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ సీల తీసుకెళ్ళి నాన్న ముందు పడెయ్యొచ్చు. పడెయ్యలేదు. ముందు కత్తి నిలబడాలి, అప్పుడే నా మాటా నిలబడుతుంది అనుకుంది. పాత సీల కొంగున ముడేసుకుంది. అంత పౌరుషం ఆ పిల్లకి.

ఆ రోజంతా కూర్చుని ఇంకో కొమ్ము కోసి, అరగదీసి, కొత్త పలకలు చేసింది. ఇక సీల కావాలి.

మొదటి రోజు కమ్మరి దగ్గరికెళ్ళింది. "ఇనుమంత గట్టిది ఇంకేటుందే" అని ఆయన ఇనుప సీల చేతిలో పెట్టాడు. పైడమ్మ కత్తికున్న చిల్లు చూసుకుంది. పాత సీల రాపిడికి ఆ చిల్లు ఒక పక్కకి సాగిపోయి ఉంది. ఇనుము మళ్ళీ తుప్పూ పడుతుంది, కత్తినీ తినేస్తుంది. దండం పెట్టి తిరిగిచ్చేసింది.

రెండో రోజు కంసాలి దగ్గరికెళ్ళింది. ఆయన వెండి తీగ ముక్క ఇచ్చాడు. తుప్పు పట్టదు, పైగా తళతళలాడుతుంది. పైడమ్మ అది బిగించి కత్తిని వందసార్లు తెరిచింది, వందసార్లు మూసింది. సాయంత్రానికి సీల వంగింది, కత్తి ఊగులాడింది. సోకు పెళ్ళికూతురికి గానీ సీలకెందుకమ్మా.

మూడో రోజు కంచరి వీరభద్రయ్య దగ్గరికెళ్ళింది. ఆయన బిందెలకి మాట్లు వేసే ముసలాయన. "నీకెలాటి సీల కావాలమ్మా?" అని అడిగాడు. మిగతా ఇద్దరూ అడగలేదు, చూశావా?

పైడమ్మ ఆలోచించి చెప్పింది. "రోజూ తిరిగేది కత్తి, తాతా. రాపిడికి ఏదో ఒకటి అరగాలి. కత్తి అరిగిపోతే మళ్ళీ రాదు. సీల అరిగితే ఇంకోటి కొట్టుకుంటాం. కత్తికన్నా మెత్తగా, వెండికన్నా గట్టిగా ఉండాల."

వీరభద్రయ్య ఇత్తడి తీగలున్న డబ్బా ముందుకి తోసి "ఏరుకో" అన్నాడు.

ఏరుకుంది. ఇక సీలకి తొడిగే చిల్లు బిళ్ళలు. సీల తల కొమ్ములోకి దిగిపోకుండా పైన చెరోవైపూ ఒక బిళ్ళ. కత్తి పలకలకి రాసుకోకుండా లోపల చెరోవైపూ ఒక బిళ్ళ. లోపల మందపాటి బిళ్ళలు వేస్తే కత్తి ఒరిగిపోయి పలక అంచుకి తగిలింది. అసలు వెయ్యకపోతే బిగుసుకుపోయి కదల్లేదు. అప్పుడు తమలపాకంత పల్చటి బిళ్ళలు ఏరి వేసింది. చిన్న సుత్తితో సీల తల మీద మెల్లగా, మెల్లగా కొట్టింది. తొందరపడితే కొమ్ము పగులుతుంది మరి. కత్తి తెరిచింది, తెరిచిన చోటే నిలబడింది. మూసింది, ఎటూ తగలకుండా నడిమధ్యకి దిగింది.

పెళ్ళి రోజు పొద్దున్నే కత్తి నాన్న చేతిలో పెట్టింది. సూరన్న తెరిచాడు, మూశాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వంక దొరకలేదు. "ఇనుప సీల ఎందుకు ఎయ్యనేదు?" అన్నాడు ఆఖరికి. పైడమ్మ కొంగు ముడి విప్పి పాత సీలని ఆయన అరచేతిలో పెట్టింది. పక్కనే చీలిన పలక పెట్టింది. సూరన్న రెండూ చూశాడు. పదేళ్ళ తుప్పుని గుర్తుపట్టలేనివాడు కాదాయన. పెట్టె పట్టుకుని బయల్దేరాడు.

పందిట్లో పెళ్ళికొడుకుని పీట మీద కూర్చోబెట్టారు. ఊరంతా ఉంది. సూరన్న కత్తి తీశాడు. "ఇరిగిపోయిందన్నావు కదేటి సూరన్నా, ఎవులు బాగుసేసినారు?" అని నాయుడిగారు అడిగారు.

సూరన్న నిటారుగా నిలబడ్డాడు. "ఇరగ్గొట్టింది నేను, బాబూ. నేను కొట్టిన ఇనుప సీల పిడిని సీల్చేసింది. తెలీక మా పిల్ల మీదేసి ఊరందరికీ సెప్పినాను. అది తప్పు. బాగుసేసింది మా పైడమ్మ. ఇంత బాగా సెయ్యడం నా వల్ల కాదు."

నీళ్ళ దగ్గర నవ్విన ఆడవాళ్ళే పక్కకి జరిగి ఆ పిల్లకి ముందు చోటిచ్చారు. పైడమ్మ తల దించుకోలేదు. ఆ వేళ ఆ పిల్లకి తన పని చూసుకుని ఎంత గర్వమో, నాన్నని చూసి దానికి రెట్టింపు గర్వం.

కథ వెళ్ళింది కంచికి,
కునుకు వచ్చింది కంటికి,
పైడమ్మ వెళ్ళింది ఇంటికి,
మనమేమో మంచానికి.