దేవాంగపిల్లి వదిలేసిన తాడు

ఒకప్పుడు, శేషాచలం అడవిని ఇంకా ఎవరూ నేషనల్ పార్కు అని పిలవని రోజుల్లో, చెట్ల మీద బతికే బుల్లి జంతువు దేవాంగపిల్లికి కళ్ళు ఆవగింజలంత ఉండేవి. ఒక్క కొమ్మ మీద కాసేపు కుదురుగా కూర్చునేది కాదు. ఉడుతకన్నా చురుకు. కానీ దానికి నా అన్నవాళ్ళు లేరు. ఎవరూ దాన్ని వరస పెట్టి పిలిచేవారు కాదు.

ఆ కొండ కింద పెంచలయ్య అనే యానాది పడుచువాడు ఉండేవాడు. అతనిదీ ఒంటి బతుకే. వాళ్ళ గూడెం పిల్ల మంగి అంటే అతనికి ప్రాణం. మంగి నవ్విందంటే, ఆ రోజు అడవంతా పూసినట్టే ఉండేది అతనికి.

"పెద్దబండ తేనె దింపుకురా. పిల్లనిస్తాం," అన్నాడు మంగి నాన్న.

పెద్దబండ తేనె అంటే లోయలోకి తాడు మీద దిగాలి. పైన తాడు పట్టుకునేది భార్య తమ్ముడే కావాలి. అది వాళ్ళ ఆనవాయితీ. అక్క బతుకు ఆ తాడుకే వేలాడుతుంటే తమ్ముడు వదులుతాడా మరి!

పెంచలయ్య వెళ్ళి మంగి తమ్ముణ్ణి అడిగాడు.

"ముందు బావవి కా. అప్పుడు పట్టుకుంటాలే," అని వాడు నవ్వి వెళ్ళిపోయాడు.

పెళ్ళి కాందే బామ్మర్ది ఎక్కణ్ణుంచి వస్తాడు? తేనె లేందే పెళ్ళెట్లా అవుతుంది? పెంచలయ్య బండ అంచున కూర్చున్నాడు. "ఇంత అడవిలో నాకు బామ్మర్దయ్యేవాడే లేడా?" అన్నాడు.

"కోతిని అడుగు. తాడు పట్టుకుని ఊగుతుంది!" అని ఉడుత కిచకిచమంది.

"నేనున్నా బావా!" అంది దేవాంగపిల్లి.

ఆ మాట దాని నోటికే తియ్యగా తగిలింది. మళ్ళీ అంది, "బావా!"

పెంచలయ్య తాడును ఎర్రచందనం చెట్టుకు చుట్టి, కొస దాని చేతికిచ్చాడు. "పట్టు వదలొద్దు బామ్మర్దీ."

"దాని చేతికా?" అంది ఎర్రచందనం చెట్టు. "నా కొమ్మ మీద రెప్పపాటైనా నిలవదయ్యా అది!"

"ఇవాళ నిలుస్తా," అంది దేవాంగపిల్లి.

నిలిచింది కూడా. పెంచలయ్య దిగాడు, దిగాడు, తేనెపట్టు మీదికి చెయ్యి చాచాడు. అప్పుడే ఒక మిడత, పచ్చగా మెరుస్తూ, దాని ముక్కు ముందు నుంచి ఎగిరింది.

దేవాంగపిల్లి దూకింది.

తాడు సర్రున జారిపోయింది.

కింద చెట్లు కొమ్మలు చాచి పెంచలయ్యను పట్టుకున్నాయి. ప్రాణం దక్కింది. తేనె దక్కలేదు. కుంటుకుంటూ లోయ దారిన వెళ్ళిపోయాడు.

"బావా! రా బావా, ఈసారి వదలను!"

అతను వెనక్కి తిరగలేదు. మంగిని ఇంకెవరికో ఇచ్చేశారు. పెంచలయ్య మళ్ళీ ఆ కొండ ఎక్కలేదు.

దేవాంగపిల్లి తాడు పట్టుకున్నట్టే కొమ్మను పట్టుకుని, ఆ దారి వైపే చూస్తూ కూర్చుంది. చూసి చూసి కళ్ళు పెద్దవైపోయాయి. అడుగు తీసి అడుగు వేయాలన్నా భయమే, పట్టు జారుతుందేమోనని.

ఇప్పుడా అడవిని నేషనల్ పార్కు చేసి కాపాడుతున్నారు. గొడ్డలి తెస్తే గార్డులు ఊరుకోరు. దేవాంగపిల్లులు కొన్నే మిగిలాయి. ఆ కొమ్మ కూడా నరికేస్తే, పాపం, అవి ఇంక దేన్ని పట్టుకుంటాయి?

ఆ తాడు జారినప్పటినుంచే దేవాంగపిల్లికి ముఖమంతా కళ్ళు. నడిస్తే ఆకు కదలదు. పట్టిన కొమ్మ వదలదు.